సాయంత్రమయ్యేసరికి ‘ఇంటికి పోతా’ అంటుంటే ఎలా సముదాయించాలి?

అల్జీమర్స్ ఉన్నవాళ్లు సొంతింట్లోనే ఉండి, పొద్దువాలేసరికి ‘ఇంటికి పోతా’ అని చెప్పులు వెతుక్కుంటారు. మా అమ్మతో ఏడేళ్లు, తర్వాత మామగారితో, నాకు ఈ తంతు దాదాపు రోజూ నడిచింది. చూడవచ్చిన వాళ్లంతా చేసే తప్పు మాత్రం ఒక్కటే.

ముందు సులువైనవి. చీకటి పడకముందే లైట్లు వేసి కర్టెన్లు మూయండి. నీడలకు, కిటికీ అద్దంలో తమ రూపానికే బెదిరిపోతారు. మధ్యాహ్నం దాటాక కాఫీ వద్దు. బాత్రూమ్‌కి తీసుకెళ్లండి. ఆకలేమో, ఎక్కడైనా నొప్పేమో చూడండి. టీవీ కట్టేయండి, వార్తలైతే మరీనూ.

ఇక అసలు చిక్కంతా మీరిచ్చే జవాబులో ఉంది. ‘ఇదేగా మన ఇల్లు’ అనకండి. గోడమీది ఫొటోలు చూపించి రుజువులు పెట్టకండి. కొత్త విషయాలు గుర్తుంచుకోవడానికి కావలసిన, మెదడులోని హిప్పోకాంపస్ అనే భాగాన్ని ఈ జబ్బు తొలిదశలోనే దెబ్బతీస్తుంది. మీరు చెప్పింది ఐదు నిమిషాల్లో చెరిగిపోతుంది. మీరు కసిరినప్పుడు పుట్టిన భయం మాత్రం మిగులుతుంది, ఎందుకో తెలియకుండానే.

వెనకనుంచి చెయ్యి పట్టుకోకుండా, ఎదురుగా వాళ్ల కళ్ల ఎత్తులో కూర్చోండి. ‘ఇంట్లో ఎవరున్నారమ్మా?’ అని అడగండి. ఆ ఇల్లు చాలాసార్లు చిన్ననాటిది. వాళ్లమ్మ ఎదురుచూస్తోందంటే, ఆవిడ ఎప్పుడో పోయిందని చెప్పకండి. ఆ చావు కబురు వాళ్లకి ప్రతిసారీ కొత్తదే. ‘అమ్మ గుర్తొస్తోందా?’ అనండి, చెప్పనివ్వండి. మధ్యలోనే మాట మార్చేశారో, మళ్లీ మొదటికి వస్తుంది. నెమ్మదించాకే చేతికి పని ఇవ్వండి. తువ్వాళ్లు మడతపెట్టడాన్ని మించింది లేదు. రంగులు వేసే పిల్లల పుస్తకాలు ఇచ్చేవాళ్లున్నారు. పెద్దవాళ్లకి పెద్దవాళ్ల పనే ఇవ్వాలి.

అయినా గుమ్మం వైపే వెళ్తుంటే అడ్డం నిలబడకుండా, మీరూ చెప్పులు వేసుకుని పది నిమిషాలు తోడు నడిచి రండి. ‘రేపు వెళ్దాం’ అనమంటారు కొందరు. మామగారి దగ్గర అది ఒక్కసారీ చెల్లలేదు.

సొంత వైద్యంగా నిద్రమాత్రలు ఇవ్వకండి. లెవీబాడీ డిమెన్షియా (అల్జీమర్స్ లాంటిదే మరో మతిమరుపు జబ్బు) ఉన్నవాళ్లకి, నెమ్మదించడానికని ఇచ్చే హాలోపెరిడాల్ లాంటి మందు ప్రాణం మీదికి తేవచ్చు.

ఎన్నడూ లేని గొడవ ఒకటి రెండు రోజుల్లో మొదలైతే మాత్రం పై సలహాలన్నీ పక్కనపెట్టి, అదే రోజు డాక్టర్‌కి చూపించండి. జబ్బు ముదిరిందనుకుని మేం మూడు రోజులు ఊరుకున్నాం. అమ్మకి ఉన్నది మూత్రంలో ఇన్ఫెక్షన్.