నానో ఫెర్రోఎలక్ట్రిక్ శాంపిల్‌ని వేడి చేస్తా డొమైన్లు చూడాలంటే

ఫెర్రోఎలక్ట్రిక్ గుణం అంటే బయట వోల్టేజ్ లేకున్నా సరుకు లోపల ప్లస్, మైనస్ చార్జీలు ఒక దిక్కుకి జరిగి ఉండడం, వోల్టేజ్ ఇస్తే ఆ దిక్కు తిరగడం. అది మొదట దొరికింది రోషెల్ సాల్ట్‌లో, 1920లో వాలసెక్ అనే శాస్త్రవేత్త కనిపెట్టినాడు, కానీ 24 డిగ్రీలు దాటితే దానికి ఆ గుణం పోతాది, అంటే మన తిరుపతి ఎండాకాలంలో ఏసీ లేని రూములో పెడితే అది ఉత్త ఉప్పే. వేడికి ఇంత లోబడే సరుకుతో మన పని, అందుకే హీటింగ్ స్టేజి (శాంపిల్ పెట్టి వేడి చేసే పీట) ముట్టుకునే ముందు ఇది చదవండి.

డొమైన్ అంటే ఏంది అని అడిగే జూనియర్లకి నేను మన పక్క వరి కయ్యలే చెప్తా. ఒక్కో కయ్యలో నీళ్ళు ఒక్కో పక్కకి పారినట్టు ఒక్కో డొమైన్‌లో పోలరైజేషన్ (ఆ చార్జీల జరుగుడు) ఒక్కో దిక్కుకి ఉంటాది, మధ్యలో గెనిమ ఉంటాదే అదే డొమైన్ వాల్. ఫిల్మ్ పలచనయ్యేకొద్దీ కయ్యలు చిన్నవైతాయి, మందం నాలుగో వంతుకి తగ్గితే డొమైన్ వెడల్పు సుమారు సగమైతాది, అందుకే నానో శాంపిల్‌లో అన్నీ కిక్కిరిసి ఉంటాయి.

మొదటిసారి చేసేవాళ్ళు బేరియం టైటనేట్‌తో మొదలుపెట్టండి. దాని క్యూరీ టెంపరేచర్ (ఇది దాటితే ఫెర్రోఎలక్ట్రిక్ గుణం పోతాది) 120 డిగ్రీల దగ్గర, మామూలు స్టేజికి అందేదే, లెడ్ టైటనేట్ అయితే 490 దాకా పోవాల. కానీ ఈ 120 పెద్ద క్రిస్టల్ లెక్క, నానో పార్టికల్ మరీ చిన్నదైతే ఇంకా కిందికే దిగుతాది, సబ్‌స్ట్రేట్ (ఫిల్మ్ కిందుండే పలక) గట్టిగా నొక్కిపెట్టిన ఫిల్మ్‌లో వందల డిగ్రీలు పైకి కూడా పోతాది, కాబట్టి పుస్తకంలో నంబరు చూసి అక్కడే మార్పు రాలేదని శాంపిల్ పారేయొద్దండి.

శాంపిల్‌ని స్టేజికి సిల్వర్ పేస్టుతో పలచగా అతికించి పూర్తిగా ఆరనీయాల. స్క్రీన్ మీద కనపడేది హీటర్ టెంపరేచర్, శాంపిల్ పైభాగానిది కాదు, పెనం కింద మంట పెద్దదిగా ఉన్నా పైన నీళ్ళు చల్లితే చిటపటమనేదానికి కొంచెం సేపు పడుతాది కదా, అట్లే. అందుకే పదేసి డిగ్రీలు పెంచి, ప్రతిచోటా డ్రిఫ్ట్ (వేడికి శాంపిల్ మెల్లగా పక్కకి జరగడం) ఆగేదాకా కూర్చోవాల. నేను మొదట్లో తొందరపడి ఒకేసారి 130కి ఎక్కించి దించేస్తే, స్కాన్ చేసిన చోటు మళ్ళా దొరకనే లేదు, ఒక రోజు పని పోయింది. ఇప్పుడు ముందే ఒక గీత గానీ దుమ్ము రేణువు గానీ గుర్తు పెట్టుకుని, చల్లగా ఉన్నప్పుడే మొదటి పీఎఫ్ఎమ్ (టిప్ అనే సన్న సూదికి వోల్టేజ్ ఇచ్చి డొమైన్ల బొమ్మ తీసే మైక్రోస్కోప్) బొమ్మ తీసిపెట్టుకుంటా.

వేడి పెరిగేకొద్దీ గెనిమలు వదులైతాయి, తక్కువ వోల్టేజికే కదులుతాయి. కాబట్టి రూము టెంపరేచర్‌లో టిప్‌కి ఇచ్చిన వోల్టేజే వంద డిగ్రీల దగ్గర ఇస్తే, మనం చూస్తున్నామనుకుంటానే డొమైన్లని తిప్పేస్తా ఉంటాం. పైకి పోయేకొద్దీ వోల్టేజ్ తగ్గించండి, కాంటిలీవర్ (టిప్‌ని మోసే సన్న పట్టీ) రెజొనెన్స్, అంటే అది బాగా ఊగే ఫ్రీక్వెన్సీ కూడా పక్కకి జరిగిపోతాది కాబట్టి ప్రతి మెట్టు దగ్గరా మళ్ళీ ట్యూన్ చేసుకోవాల, లేకుంటే కాంట్రాస్ట్ తగ్గింది శాంపిల్ వల్లనా టిప్ వల్లనా తెలీదు.

క్యూరీ పాయింట్ దాటినాక కూడా కొంచెం బొమ్మ కనపడితే కంగారుపడొద్దండి, ఉపరితలం మీద మిగిలిన చార్జ్ కూడా పీఎఫ్ఎమ్‌లో సిగ్నల్ ఇస్తాది.

నాకు చాలా ఇష్టమైన భాగం చల్లార్చడం, చాలామంది డేటా సేవ్ చేసి ఇక్కడే లేచిపోతారు. వద్దు, కూర్చోండి. దించేటప్పుడు మార్పు ఎక్కేటప్పటి టెంపరేచర్ దగ్గరే రాదు, ఇంకొంచెం కిందికి వచ్చినాక వస్తాది. పాత గెనిమలు పాత చోటే పడాలని లేదు, ఎక్కడన్నా డిఫెక్ట్ (క్రిస్టల్‌లో లోపం) గెనిమని పట్టుకుని ఉంటే అక్కడ మాత్రం అచ్చం ముందు మాదిరే గీత వస్తాది. మొదటి బొమ్మ పక్కన ఈ బొమ్మ పెట్టి అట్ల తిరిగొచ్చిన గీతల్ని వెతకండి, మీ శాంపిల్‌లో డిఫెక్టులు ఎక్కడున్నాయో అవే చూపిస్తాయి.