పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉందా?

అమెరికా చదువులకు వెళ్దామనుకునే డిగ్రీ, బీటెక్ పిల్లలు ముందు పాస్‌పోర్టు తీసి చూసుకోండి. మన గోదావరి జిల్లాల పేర్లలో వీర, వెంకట, సత్య వరసగా ఉంటాయి కదా, ఇంటిపేరుతో సహా అన్నీ 'గివెన్ నేమ్' గడిలోనే రాసేసి 'సర్‌నేమ్' వదిలేస్తుంటారు. అలా ఉంటే అమెరికా వీసా మీద ఆ పేరంతా సర్‌నేమ్‌లోకి పోయి, అసలు పేరు చోట 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది. మొదటి పేరు తెలియదని దానర్థం. అక్కడ బ్యాంకులో, డ్రైవింగ్ లైసెన్సు దగ్గర ప్రతిసారీ ఇదే తలనొప్పి.

పాస్‌పోర్టు సేవా సైట్లో 'రీ-ఇష్యూ' ఎంచుకుని, వివరాల మార్పు కింద ఇంటిపేరు విడదీసి రాయండి. 36 పేజీల పుస్తకానికి మామూలు రుసుము 1500 రూపాయలు. పదో తరగతి సర్టిఫికెట్లో, ఆధార్‌లో స్పెల్లింగు ఒకటేనా అన్నది ఒక్కో అక్షరం పోల్చి చూడండి. తేడా ఉంటే ముందు ఆధార్ దిద్దించండి, లేకపోతే కౌంటర్ దగ్గరే ఫైలు ఆగిపోతుంది. పోలీసు విచారణ కూడా పడొచ్చు కాబట్టి కనీసం రెండు నెలలు చేతిలో ఉంచుకోండి.

కొత్త పాస్‌పోర్టు వచ్చాకే ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ప్రవేశ పత్రం), ఆ తర్వాతే డీఎస్-160 (ఆన్‌లైన్ వీసా దరఖాస్తు). ఐ-20 ముందే వచ్చేసి ఉంటే కొత్త పాస్‌పోర్టు కాపీ యూనివర్సిటీకి పంపి, పేరు మార్చిన ఐ-20 తెప్పించుకోండి.