మా రన్నింగ్ క్లబ్‌లో జనం ఎందుకు తగ్గారు, మళ్లీ ఎలా వచ్చారు

నల్లగొండలో మేం పెట్టుకున్న రన్నింగ్ క్లబ్‌కు మొదట్లో బాగానే వచ్చారు. తర్వాత పలచబడ్డారు. కారణం స్పీడ్. పోలీస్ కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు, అంటే ఉద్యోగానికి పెట్టే ఫిజికల్ టెస్టులకు, ప్రాక్టీస్ చేసే పిల్లల లెక్క వేరు. 2022 నోటిఫికేషన్ ప్రకారం మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో ముగించాలి. షుగర్ తగ్గాలని వచ్చిన అక్కలు, రిటైరైన సార్లు వాళ్ల వెనక ఒంటరిగా మిగిలిపోయేవాళ్లు.

అందుకే దూరం తీసేసి టైం పెట్టాం. పానగల్ వైపు అందరం కలిసి బయల్దేరతాం, ఎవరి వేగం వాళ్లది. 15 నిమిషాలు కాగానే ఎక్కడున్నవాళ్లు అక్కడే వెనక్కి తిరగాలి. ముందున్నవాళ్లకు తిరుగు దూరం ఎక్కువ, వెనకున్నవాళ్లకు తక్కువ. పోయిన వేగంతోనే వస్తే అందరూ ఇంచుమించు ఒకేసారి చేరతారు. ఈ ఒక్క మార్పుతోనే మానేసిన అక్కలు మళ్లీ వచ్చారు, నాకు చాలా సంతోషమైంది.

కొత్తవాళ్లు పక్కవాళ్లతో మాట్లాడగలిగే వేగంలోనే పరుగెత్తాలి. ఆయాసం వస్తే నడవాలి. నడిచేవాళ్లు కూడా క్లబ్ మనుషులే.

ఎండాకాలం ఐదున్నరకే మొదలు. చీకట్లో ఆడవాళ్లకు టెన్షన్ లేకుండా లైట్లుండే క్లాక్ టవర్ దగ్గర కలుస్తాం. ఫీజు లేదు.