నిలబడిన భవనాన్ని నమ్మకండి: అనంతర ప్రకంపనల వేళ జాగ్రత్తలు

2025 మార్చి 28న మయన్మార్‌ను 7.7 తీవ్రత భూకంపం కుదిపిన కొద్ది నిమిషాలకే మరో బలమైన ప్రకంపన వచ్చింది. 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతంలో వచ్చిన 5.3 తీవ్రత భూకంపం హైదరాబాదు, విజయవాడల వరకు తెలిసింది కనుక ఈ భయం మనకూ కొత్త కాదు. గ్యాస్ కట్టేయడం, లిఫ్టు ఎక్కకపోవడం అందరికీ తెలిసినవే. మనుషుల్ని పొట్టన పెట్టుకుంటున్న పొరపాటు వేరే ఉంది: మొదటి కుదుపుకు నిలబడిన భవనం తర్వాతి కుదుపుకూ నిలుస్తుందని నమ్మడం.

2010 సెప్టెంబరు 4న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ సమీపంలో 7.1 తీవ్రతతో భూకంపం వచ్చాక, ఆ నగరంలోని కాంటర్‌బరీ టెలివిజన్ (సీటీవీ) భవనాన్ని పైపైన తనిఖీ చేసి, వాడుకోవచ్చని ఆకుపచ్చ చీటీ అంటించారు. 2011 ఫిబ్రవరి 22న 6.3 తీవ్రతతో వచ్చిన ప్రకంపనకు అది కుప్పకూలింది. ఆ భూకంపంలో మరణించిన 185 మందిలో 115 మంది ఆ ఒక్క భవనంలోనే ప్రాణాలు కోల్పోయారు. తీవ్రత అంకె తక్కువే అయినా, కేంద్రం నగరానికి దగ్గరగా, తక్కువ లోతులో ఉండటంతో కుదుపు అంతకుముందుకన్నా బలంగా తగిలింది. త్వరిత తనిఖీ చెప్పేది మొదటి కుదుపుకు పైకి కనిపించే నష్టం ఎంత జరిగిందనే. కట్టినప్పుడే డిజైన్‌లో ఉండిపోయిన లోపం దానికి దొరకదు, సీటీవీ భవనంలో దొరకలేదు కూడా.

రోజులు గడిచేకొద్దీ ప్రకంపనల సంఖ్య తగ్గుతుంది, కానీ వచ్చేది చిన్నదే అవుతుందన్న హామీ లేదు. నేపాల్‌లో 2015 ఏప్రిల్ 25 నాటి 7.8 తీవ్రత భూకంపం తర్వాత 17 రోజులకు, మే 12న, 7.3 తీవ్రతతో మరొకటి వచ్చి 200 మందికి పైగా ప్రాణాలు తీసింది. నిలబడి ఉంది కదా అని లోపలికి వెళ్లకండి.

గోడ పగులుకన్నా పిల్లర్ పగులు ప్రమాదకరం. పిల్లర్‌లో, లేదా బీమ్ కలిసే చోట, ఏటవాలుగా గానీ గుణకారపు గుర్తులా గానీ పగులు కనిపించినా, కాంక్రీటు రాలి లోపలి ఇనుప చువ్వలు వంగి బయటపడినా, ఇంజనీరు వచ్చేదాకా ఆ భవనం మీది కాదనుకోండి. కింద పార్కింగ్ కోసం గోడలు లేకుండా పిల్లర్ల మీదే లేపిన అపార్టుమెంట్లను మరింత అనుమానించాలి. 2001 భుజ్ భూకంపానికి 200 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాద్‌లో అలాంటివి కూలాయి.

పగుళ్లకు సున్నం, పుట్టీ పూయకండి, అవి పెరుగుతున్నదీ లేనిదీ తెలియకుండా పోతుంది. పగులు కొసన తేదీ రాసి, అది పెరుగుతోందేమో గమనించండి. బయటి గోడల పగుళ్లనైతే దూరం నుంచే చూడండి. నిన్నటిదాకా సులువుగా మూసుకున్న తలుపు ఇవాళ పట్టేస్తుంటే వెంటనే బయటికి రండి. పిట్టగోడ కింద నిలబడకండి. డాబా మీది నీళ్ల ట్యాంకు కింద పడుకోకండి. పక్క భవనం ఒరిగి ఉంటే మీ ఇల్లు బాగున్నా ఖాళీ చేయండి. ప్రతి బలమైన ప్రకంపన తర్వాత పాత తనిఖీ చెల్లదు, మళ్లీ చేయించండి. నగల కోసం వెళ్లకండి. కాగితాల కోసం వెళ్లకండి. ఒక్క నిమిషమే అని అసలే వెళ్లకండి.