పిక్సెల్ నగరంలో ఇల్లు కట్టే ముందు

అందరూ కలిసి ఆన్‌లైన్‌లో చిన్న చిన్న చదరపు చుక్కలతో (పిక్సెళ్లతో) బొమ్మగా కట్టే పిక్సెల్ నగరంలో మీ ఇల్లు పక్కింటితో చక్కగా అతకాలంటే, ముందు గోడ అంచుల ఏటవాలు గీత సరిచూసుకోండి. ఇలాంటి ఐసోమెట్రిక్ బొమ్మల్లో, అంటే ఇంటిని పైనుంచి ఓ మూలగా చూసినట్టు గీసే బొమ్మల్లో, ఆ గీత రెండు పిక్సెళ్లు అడ్డంగా, ఒకటి పైకి, మళ్లీ రెండు అడ్డంగా, ఇలా మెట్లు మెట్లుగా వెళ్తుంది. కోణం దాదాపు 26.6 డిగ్రీలు. చాలామంది 30 డిగ్రీలు పెట్టి గీసేస్తారు. అప్పుడు మెట్లు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అయి గోడ అంచు రంపం పళ్లలా కనిపిస్తుంది. నేను కట్టిన మొదటి మేడకి ఇదే జరిగి, కిటికీలన్నీ మళ్లీ వేయాల్సి వచ్చింది.

పక్కవాళ్ల నీడ ఎటు పడుతోందో చూసి మీదీ అటే వేయండి. బొమ్మని సేవ్ చేసేది మాత్రం పీఎన్‌జీ (PNG) ఫైల్‌గానే. జేపీజీ (JPG) ఫైల్ అయితే అంచుల చుట్టూ రంగు మరకలు వస్తాయి, వాటిని ఒక్కో చుక్కా తుడుచుకుంటూ కూర్చోవాలి.