‘బఫీ ద వాంపైర్ స్లేయర్’ను మొదటి సీజన్ దగ్గరే వదిలేయకుండా చూసే పద్ధతి

1997 మార్చి నుంచి 2003 మే వరకు అమెరికాలో ప్రసారమైన ఈ ధారావాహికలో ఏడు సీజన్లు, 144 ఎపిసోడ్లు ఉన్నాయి. కాలిఫోర్నియాలోని సన్నీడేల్ అనే కల్పిత పట్టణంలో, రక్తపిశాచులను వేటాడే బాధ్యత నెత్తిన పడిన హైస్కూలు అమ్మాయి కథ ఇది. కథానాయిక వయసుతో పాటు కథకూ వయసొస్తుంది కాబట్టి, తొలి ఎపిసోడ్లలోని చవకబారు రాక్షస వేషాలను చూసి పక్కన పెట్టేసినవారు అసలు కథను చూడనట్టే.

ముందుగా ప్రతిని ఎంచుకోవాలి. దీన్ని పాత టీవీల 4:3 చట్రం కోసం చిత్రీకరించారు. తర్వాత వెడల్పాటి తెరకు మార్చిన హెచ్‌డీ ప్రతిలో కొన్ని రాత్రి సన్నివేశాలు పట్టపగలులా కనిపించి భయాన్ని చెడగొడతాయి కాబట్టి, డీవీడీల్లో వచ్చిన 4:3 ప్రతి దొరికితే దానినే చూడండి.

మొదటి సీజన్‌లో ఉన్నవి 12 ఎపిసోడ్లే. అన్నీ చూసే ఓపిక లేకపోతే 1, 2, 7, 12 చూసి ముందుకు వెళ్లవచ్చు. రెండో సీజన్‌లో 13, 14 ఎపిసోడ్లను మాత్రం విడదీయకండి. 1998 జనవరిలో అవి వరుసగా రెండు రాత్రులు ప్రసారమయ్యాయి. ప్రేమించినవాడు ఒక్క రాత్రిలో మరో మనిషిగా మారిపోతే ఆ అమ్మాయి పడే అవమానాన్ని పిశాచ కథగా చెప్పిన తీరు అక్కడ స్పష్టమవుతుంది. నా దృష్టిలో ఈ ధారావాహిక నిజంగా మొదలయ్యేది అక్కడే. ఆ తర్వాత 17వ ఎపిసోడ్‌లో ఒకాయన ఇంటికి వచ్చేసరికి తలుపుకు గులాబీ ఉంటుంది, లోపల ఒపేరా సంగీతం వినిపిస్తుంటుంది, మెట్ల మీద కొవ్వొత్తులు వెలుగుతుంటాయి. ప్రియురాలి ఆహ్వానమనుకుని సంతోషంగా మెట్లెక్కుతాడు. పైన ఏముందో ముందే తెలుసుకోకండి.

మూడో సీజన్‌ను వరుసగా చూసేయవచ్చు. నాలుగో సీజన్ నుంచి ‘ఏంజెల్’ అనే అనుబంధ ధారావాహిక తోడవుతుంది; నాలుగు, ఐదు సీజన్లలో ముందు బఫీ, వెంటనే ఏంజెల్ చొప్పున ఒక్కొక్క ఎపిసోడ్ చూస్తే రెండింటి మధ్య నడిచే కథలు తెగిపోవు.

ఐదో సీజన్ 16వ ఎపిసోడ్‌కు ఒక రాత్రి ప్రత్యేకంగా కేటాయించండి. అందులోని మరణానికి ఏ పిశాచీ కారణం కాదు, నేపథ్య సంగీతమూ ఉండదు. నేల మీది వాంతిపై పరిచిన కాగితపు తువ్వాలులోకి మరక మెల్లగా పాకుతుంటే కెమెరా దానినే చూస్తూ ఉంటుంది. కొయ్య మేకుతో ఎందరో పిశాచులను చంపిన చేతికి అక్కడ చేయగలిగిన పని ఏదీ లేదు.

ఆరో సీజన్‌లో అప్పులు, ఇంటి పైపుల మరమ్మతు ఖర్చు, బర్గర్ దుకాణంలో ఉద్యోగం, బతకాలన్న కోరిక చచ్చిపోవడం కథావస్తువులు. లైంగిక హింస కూడా ఉంది కనుక, హైస్కూలు కథ కదా అని పిల్లలతో కలిసి ఇక్కడిదాకా రావద్దు. పాటలతో నడిచే 7వ ఎపిసోడ్‌ను విడిగా చూడటం చాలామందికి అలవాటు. కానీ పాత్రలు దాచుకున్న రహస్యాలు బయటపడేది ఆ పాటల్లోనే కాబట్టి దానిని దాని స్థానంలోనే చూడాలి. ఏడో సీజన్ మధ్యలో కాస్త నెమ్మదిస్తుంది. 18 నుంచి 22 వరకు ఉన్న చివరి ఎపిసోడ్లను మాత్రం ఎక్కువ విరామం లేకుండా ఒకే వారాంతంలో పూర్తి చేయడం మేలు.