తుప్పు రేకు మార్చాక మళ్లీ ఊడుతోందా? గమ్ము వేయాలా, రివెట్ కొట్టాలా

విశాఖ, కాకినాడ తీరంలో చేపలూ ఐసూ మోసే మినీ వ్యాన్లకు ఉప్పునీరు కారి పక్క రేకు కింది అంచు తుప్పు పట్టిపోతుంది. కొత్త రేకు వేయించినా కొన్నాళ్లకు మళ్లీ మొదటికొస్తుంది. గమ్మా (లోహాన్ని అంటించే బలమైన జిగురు), రివెట్లా (రంధ్రంలో దూర్చి బిగించే లోహపు మేకులు) అని తేల్చుకునే ముందు పాత అతుకు ఎలా పోయిందో చూడండి.

ఇదంతా పైన కప్పే రేకుల సంగతి. ఛాసిస్, పైకప్పును మోసే పిల్లర్, డోర్ కింది సిల్ (గడప భాగం), సీటు బెల్టు బిగించే చోటు తుప్పు పడితే కంపెనీ చెప్పిన పద్ధతిలోనే చేయించాలి. యాక్సిడెంట్‌లో ప్రాణాలు కాపాడేవి అవే.

రివెట్ చుట్టూ తెల్లటి పొడి, పెయింట్ బుడగలు

ఇనుప ఫ్రేముకు అల్యూమినియం రేకు వేసినచోట వచ్చే బాధ ఇది. గోరుతో గీకితే పొడి రాలుతుంది, రివెట్ తల కింద రంధ్రం పెద్దదై ఉంటుంది. రెండు లోహాల మధ్య ఉప్పునీరు చేరితే అల్యూమినియమే ముందు పాడవుతుంది. ఇనుప రేకుకు అల్యూమినియం రివెట్లు కొడితే ఇంకా ఘోరం, అంత పెద్ద రేకు పక్కన చిన్న రివెట్ తొందరగా పాడై అరిగిపోతుంది.

వీలైతే ఫ్రేము, రేకు, రివెట్ మూడూ ఒకే లోహానివి వేయించండి. కుదరకపోతే ఫ్రేముకూ రేకుకూ ఎపాక్సీ ప్రైమర్ (పెయింట్‌కు ముందు వేసే అడుగు పూత) కొట్టి, మధ్యలో సీలెంట్ (నీళ్లు దూరకుండా సందు మూసే పేస్టు) పొర ఉంచాలి. డ్రిల్ చేశాక రంధ్రం అంచుకూ ప్రైమర్ అద్దించండి. హడావిడిలో వదిలేసేది ఇదే. మామూలు పాప్ రివెట్ (గన్‌తో ఒక వైపు నుంచే కొట్టే బోలు రివెట్) మధ్యలోంచి నీళ్లు దూరతాయి. కొస మూసి ఉన్న రకం అడిగి తెచ్చుకుని, సీలెంట్ పూసి, అది ఆరకముందే బిగించండి.

రివెట్లు వదులై రేకు గలగలలాడటం

ఎక్కువగా తప్పు రంధ్రానిదే. 4.8 మి.మీ. రివెట్‌కు 4.9 నుంచి 5 మి.మీ. రంధ్రం చాలు. పెద్దదైపోతే 6.4 మి.మీ. రివెట్‌కు మారండి.

గమ్ము వదిలి రేకు లేవడం

ఊడిన రెండు ముఖాలూ చూడండి. ఒక వైపు లోహం నున్నగా ఉన్నా, గమ్ముతో పాటు పెయింటో తుప్పో ఊడి వచ్చినా శుభ్రం చేయకుండా అంటించారన్నమాట. 80 నంబరు ఎమ్రీ కాగితంతో మెరిసే లోహం కనబడేదాకా గీకి, సాల్వెంట్‌తో తుడిచి, ఆ పూటే గమ్ము వేయాలి. రెండు వైపులా గమ్ము ఉండి మధ్యలో చీలితే గమ్ములో కలపాల్సిన రెండు భాగాలూ (రెజిన్, హార్డెనర్) సరిగా కలవలేదేమో, లేదా క్లాంపు అతిగా బిగించి గమ్మంతా బయటికి నెట్టేశారేమో చూడండి.

గమ్ము పక్కకు లాగే బలాన్ని బాగా తట్టుకుంటుంది. కొసనుంచి ఎత్తి ఒలిస్తే తట్టుకోదు. అందుకే నేనైతే పొడవునా గమ్ము వేసి, మూలల్లో మాత్రం రివెట్లు కొట్టమంటాను. వెల్డింగ్ పని ఉంటే ముందే ముగించాలి, లేకపోతే ఆ వేడికి గమ్ము మాడిపోతుంది.

పొడుగాటి రేకు ఎండలో ఉబ్బడం

2 మీటర్ల అల్యూమినియం రేకు 40 డిగ్రీలు వేడెక్కితే ఇనుప ఫ్రేము కంటే దాదాపు 0.9 మి.మీ. ఎక్కువ సాగుతుంది. గట్టిగా బిగుసుకునే ఎపాక్సీ దీనికి వద్దు. సాగే పాలీయురేథేన్ గమ్ము మందంగా వేసి, రివెట్లు ఒక కొసనే కొట్టండి. అది గాలిలోని తేమతో మెల్లగా గట్టిపడుతుంది, ట్యూబు మీద రాసినంత సేపు బండి కదపకండి.

బండి తెచ్చుకునేటప్పుడు కింది అంచులో నీళ్లు పోయే రంధ్రాలు సీలెంట్‌తో పూడిపోలేదని చూసుకుని, లోపలి వైపు తుప్పు పట్టకుండా వ్యాక్స్ కొట్టించండి.